తాకితే ఆగే బండి

శనివారం పొద్దున్నే మా ఇంట్లో కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ కోసం గొడవ మొదలైంది. అరచెయ్యంత గుడ్డ. నీలం రంగుది, అంచులు వంకీలుగా కత్తిరించింది. కళ్ళజోడు కొన్నప్పుడు డబ్బాలో పెట్టి ఊరికే ఇచ్చారు. దాన్ని మా అత్తగారు రెండేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా దాచుకుంటున్నారు.

“నిన్న పడుకోబోయే ముందు డబ్బాలోనే పెట్టాను. దానికేమన్నా కాళ్ళొచ్చాయా?” అన్నారావిడ.

“నేను తీయలేదమ్మా,” అన్నారు మా ఆయన.

“నువ్వు తీయలేదు, నేను తీయలేదు, నీ కూతురు పిట్ట ఇంకా మంచం దిగలేదు. ఇక మిగిలింది మీ ఆవిడ.”

“నా కళ్ళకింకా జోడు రాలేదత్తయ్యా,” అన్నాను పొయ్యి దగ్గర్నుంచి.

ఆయన కాసేపు గోడగడియారం వైపు చూశారు. “కారు అద్దం మీద మరక ఉంటే ఒక్కసారి తుడిచానంతే. మామూలు గుడ్డయితే గీతలు పడతాయి.”

“కారుకి పడకపోతే చాల్లే నాయనా. నా జోడుకి ఎన్ని పడ్డా ఫరవాలేదు.”

ఇంకో వారమైతే నేను నవ్వేసేదాన్నే. మంగళవారం నుంచి మా ఇంట్లో ఎవరికీ నవ్వు రావడం లేదు.

మా ఆయన నడిపే డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని, పరీక్ష పాసై పట్టుమని పది రోజులు కాని దర్జీగారబ్బాయి, మంగళవారం నాడు మొదటిసారి ఒంటరిగా వాళ్ళ మామయ్య వ్యాను తీశాడు. మలుపు దగ్గర మందుల షాపు మెట్ల మీదికి ఎక్కించేశాడు. షట్టరు ఎత్తుతున్న షాపు ఆవిడకి కాలు రెండు చోట్ల విరిగింది. ఆ అబ్బాయి వ్యాన్లోంచి దిగిన నిమిషం నుంచి ఒకటే మాట మీద ఉన్నాడు. “బ్రేకు వేశాను. పట్టలేదు.” మెకానిక్ వ్యాను కిందికి దూరి చూసి బ్రేకులు కొత్తవాటిలా ఉన్నాయన్నాడు. రోడ్డు మీద టైరు ఈడ్చిన గీత ఒక్కటీ లేదు. ఇంకేం కావాలి? ఫోను చూసుకుంటూ గుద్దేసి ఉంటాడు, పైగా మొహం మీద అబద్ధం అని వీధి వీధంతా తీర్పు చెప్పేసింది.

సోమవారం రవాణా ఆఫీసులో విచారణ. నిర్లక్ష్యమని తేలితే కేసు పెడతారు. కేసున్న కుర్రాణ్ణి వచ్చే నెల చేరాల్సిన కాలేజీ చేర్చుకోదు. గురువారం దర్జీగారు మా గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, “మావాడికి అల్లరుంది గానీ అబద్ధం లేదమ్మా,” అని చెప్పి వెళ్ళిపోయారు. విచారణలో ఇవ్వాల్సిన వాంగ్మూలం అప్పటికే మా బల్ల మీద ఉంది. మా ఆయన చెప్తుంటే రాసింది నేనే. నా దస్తూరి బాగుంటుందని. “శిక్షణలో ఏ లోపమూ లేదు. ప్రమాదానికి పూర్తి కారణం అభ్యర్థి నిర్లక్ష్యం.” నిర్లక్ష్యం అన్న మాట పొల్లుపోకుండా, ముచ్చటగా రాశాను.

“కార్లోనే పడేసుంటాడు. కాస్త చూసిరా అమ్మాయ్,” అన్నారు అత్తగారు. ఆయన గడ్డం గీసుకోవడానికి వెళ్ళారు. నేను తాళాలు తీసుకుని పెరటి తలుపు తీశాను.

మా ఇంటి వెనక ఖాళీ స్థలమే స్కూలు మైదానం. నేల మీద తెల్లగీతలు, మలుపుల దగ్గర నారింజరంగు ప్లాస్టిక్ గొట్టాలు, చివర ఆగాల్సిన చోట అడ్డంగా ఒక పసుపు పట్టీ, దాని వెనక ప్రహరీగోడ. మాకున్న ఒకే ఒక్క కారు ఆ స్కూలుదే. దానికి పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్పేవాళ్ళు తొక్కడానికి. అది తొక్కితే బజర్ మోగుతుంది. పరీక్షరోజు వెనక సీట్లో కూర్చునే అధికారికి తెలియాలని ఆ ఏర్పాటు. మోగిందంటే బండిని ఆపింది పిల్లలు కాదు, పక్కనున్న పెద్దమనిషి. ఒక్కసారి మోగినా పరీక్ష పోయినట్టే.

గుడ్డ పక్క సీటుకీ తలుపుకీ మధ్య సందులో పడి ఉంది. లాగబోతే చేతికి గట్టిగా ఏదో తగిలింది. వంగి చూశాను. సీటు అంచు కింద, కూర్చున్నవాళ్ళ చెయ్యి వేలాడేచోట, గోరంత స్విచ్చి. దాన్నుంచి ఒక తీగ చాప కిందుగా ముందుకి పోతోంది. అతుకు దగ్గర నల్లటేపు చుట్టి, కొసని చిన్న చెవిలా మడిచి వదిలారు.

అలా చెవి మడిచే మనిషి నాకు తెలిసి లోకంలో ఒక్కరే. మా ఇస్త్రీపెట్టె తీగకి ఆ చెవి ఉంటుంది. పిట్ట చదువుకునే దీపానికీ ఉంటుంది. మళ్ళీ విప్పాల్సొస్తే గోళ్ళతో గీకనక్కర్లేదని పెళ్ళైన కొత్తలో నాకు చూపించి మురిసిపోయారు.

తాళం తిప్పి, పక్క సీటు బ్రేకుని చేత్తో నొక్కాను. చప్పుడు లేదు. స్విచ్చిని రెండోవైపుకి నెట్టి మళ్ళీ నొక్కాను. బజర్ గీమని మోగింది. మొదట నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, కాకుండా ఉంటేనే బాగుండేదనిపించింది.

ఆ చప్పుడుకి ఆయన పెరట్లోకి వచ్చేశారు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ.

“దాన్నెందుకు మోగిస్తున్నావు?”

“మోగేదాన్ని మోగకుండా ఎందుకు చేశారు?”

ఆయన నా చేతివైపు చూశారు, స్విచ్చి వైపు చూశారు. “అది పాతది. నాలుగేళ్ళ కింద ఒక అమ్మాయి వచ్చేది, గుర్తుందా, పొడుగుజడ. బజర్ మోగినప్పుడల్లా స్టీరింగ్ వదిలేసి చెవులు మూసుకునేది. నేర్చుకునేటప్పుడు పిల్లలు బెదరకూడదని పెట్టాను.”

“నేర్చుకునేటప్పుడు సరే. పరీక్షరోజు?”

నురగ జారి భుజం మీద పడింది. తుడుచుకోలేదు.

“పరీక్షరోజు ఇంకా బెదురుతారు,” అన్నారు చిన్నగా. “నెలల తరబడి బాగా నడిపి, ఆ పది నిమిషాల్లో వణికిపోతారు. అయినా నేనేదో పెద్దగా తొక్కుతాననుకోకు. అవసరమైనప్పుడు, కాస్త.”

“ఎంత కాస్త?”

“అదెలా చెప్పను? కాలు దానంతటదే పోతుంది.”

అది మాత్రం నిజమే. బస్సులో కూర్చున్నా ఆయన కుడికాలు మలుపు మలుపుకీ నేలని నొక్కుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా దాన్ని చూసి నవ్వుకున్నదాన్ని. గేటు మీద బోర్డు కూడా అప్పుడే కొత్తగా చూసినట్టు గుర్తొచ్చింది. ‘మా దగ్గర నేర్చుకున్నవారు తప్పరు.’ ఆ అక్షరాలకి రంగు ఎంచింది నేనే.

“పిట్టని పిలుస్తున్నాను,” అన్నాను.

“దాన్నెందుకు?”

“మూడు వారాల కింద పాసైంది కదా. చూద్దాం.”

మా అమ్మాయి పిట్ట. సన్నగా ఉంటుందని నానమ్మ పెట్టిన పేరు. పద్దెనిమిది నిండి మూడు నెలలు. మొదటిసారికే పరీక్ష పాసైందని ఆ వారమంతా నేల మీద నడవలేదు. వచ్చే ఆదివారం స్నేహితురాలి కారు తనే నడిపి నలుగుర్ని తీసుకెళ్తానని మాటిచ్చి ఉంది. నోట్లో బ్రష్షుతోనే వచ్చింది.

“ఇప్పుడా? పళ్ళన్నా తోముకోనివ్వవా?”

“ఒక్క రౌండు. తర్వాత తీరిగ్గా తోముకో.”

ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. నేను వెనక, అధికారి కూర్చునే చోట కూర్చున్నాను. స్విచ్చి మోగేవైపే ఉంది. ఆయన చెయ్యి దానివైపు పోబోతే, “వద్దు,” అన్నాను. ఆ చెయ్యి ఒళ్ళోకి వెనక్కి వెళ్ళింది.

పిట్ట బాగానే కదిలించింది. అద్దాలు చూసుకుంది, గేరు నెమ్మదిగా వేసింది. మొదటి మలుపులో బజర్ మోగింది.

“ఏంటి నాన్నా ఆ చప్పుడు?”

రెండో మలుపులో మళ్ళీ మోగింది. గొట్టాల మధ్య మూడుసార్లు మోగింది. పసుపు పట్టీ దగ్గర కారు గీత మీద గీసినట్టు ఆగింది, బజర్ గీమంటూనే ఉంది. ఆ ఒక్క రౌండులో పదకొండుసార్లు. లెక్కపెట్టాను.

“నేనేం ముట్టుకోలేదు,” అంది పిట్ట కంగారుగా. “కారుకేమైంది?”

“కారుకేం కాలేదు,” అన్నాను. “ఇంకో రౌండు వెయ్యి. మీరు కాళ్ళు వెనక్కి తీయండి.”

“వద్దు. ప్రమాదం,” అన్నారాయన.

“ఇంటి వెనక స్థలంలో, ఈ స్పీడులో ప్రమాదమా? మరి వీళ్ళ చేతికి లైసెన్సు కాగితమిప్పించి రోడ్డు మీదికి ఎలా తోలారు?”

ఆయన కాళ్ళు సీటు కిందికి లాక్కున్నారు. పిట్ట మా ఇద్దర్నీ అద్దంలో చూసింది. బండి కదిలింది.

మొదటి మలుపులో రెండు గొట్టాలు ఎగిరిపడ్డాయి. “అబ్బా,” అనుకుంది తనలో తను. సర్దుకుని తిన్నగా పసుపు పట్టీ వైపు తెచ్చింది. నేను రెండు సీట్ల మధ్య నుంచి వంగి దాని పాదం చూస్తున్నాను. యాక్సిలరేటర్ మీద నుంచి తీసింది, సరైన చోటే తీసింది. బ్రేకు మీద పెట్టింది. స్నానం నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చూడ్డానికి బొటనవేలు ఆనించినట్టు పెట్టింది. అంతే. కారు కాస్త నెమ్మదించి పట్టీ దాటింది. పాదం అక్కడే ఉంది. తన పని తను చేశానని, మిగతాది బండి చూసుకుంటుందని ఎదురుచూస్తోంది. గోడ దగ్గరవుతోంది. పాదం ఇంకా అక్కడే ఉంది.

బజర్ పొడుగ్గా మోగింది. నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. గోడకీ మాకూ మధ్య మూరెడు దూరం. ఆయన కాలు పెడల్ని నేలకంటా నొక్కిపట్టి ఉంది.

పిట్ట స్టీరింగ్ వదల్లేదు. మొహం తెల్లగా పాలిపోయింది.

“బ్రేకు వేశాను నాన్నా,” అంది. “పట్టలేదు.”

ఐదు రోజులుగా ఊరంతా ఎగతాళి చేస్తున్న మాటలు అవి. కూరగాయల కొట్టు దగ్గర “బ్రేకు పట్టలేదంట పాపం” అని దీర్ఘం తీసి నవ్వుకున్న మాటలు.

“ఇంకాస్త గట్టిగా తొక్కాల్సింది కదే,” అన్నాను.

“గట్టిగా ఎందుకమ్మా? నేనెప్పుడూ అంతే వేస్తాను. తాకితే ఆగుతుంది కదా.”

తాకితే ఆగుతుంది. దర్జీగారబ్బాయికీ అంతే తెలుసు. నెలల తరబడి ఈ స్టీరింగ్ ముందు కూర్చుని, తను తాకడం, బండి ఆగడం చూశాడు. ఆపింది తన పాదమే అనుకున్నాడు. మలుపులో మెట్లు ఎదురుగా వచ్చేసరికి నేర్చుకున్నదంతా నేర్చుకున్నట్టే చేశాడు. పక్కన ఆ రెండో కాలు లేదు. వ్యాన్లోంచి దిగి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మాట నమ్మనివాళ్ళలో నేనూ ఉన్నాను. పైగా కలం పట్టుకుని నిర్లక్ష్యమని రాసిపెట్టాను.

“మీకు తెలుసు,” అన్నాను ఆయన వీపుతో.

“ఒట్టు, తెలియదు,” అన్నారు. “నేను కాస్త సాయం పడుతున్నాననే అనుకున్నాను. వాళ్ళ కాలు ఇంత తేలికని...”

“మంగళవారం నాడు టైరు గీత లేదన్నప్పుడు కూడా తెలియలేదా?”

ఆయన తలుపు తీసుకుని దిగిపోయారు. మిగిలిన చెంప గీసుకోవడానికి.

ఒంటిగంటకి వడ్డించాను. మా ఇంట్లో ఎంత గొడవైనా భోజనానికి అందరూ కూర్చోవాలన్నది అత్తగారి రూలు. జరిగిందంతా ఆవిడకి పిట్ట చెప్పింది. అప్పట్నుంచీ ఆవిడ కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు.

కూర వేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “ఆలోచించాను,” అన్నారు. “ఇవాళే ఆ తీగ పీకేస్తాను. సోమవారం నుంచి ప్రతి పిల్లకీ పిల్లాడికీ పెడల్ ఎంత లోతుకి తొక్కాలో దగ్గరుండి నేర్పుతాను. పాతవాళ్ళని కూడా ఏదో ఒక వంకతో పిలిచి మళ్ళీ చూస్తాను.”

“మంచిది. మరి విచారణ?”

“అది రాసిపెట్టినట్టే ఇస్తాను.”

గరిటె గిన్నెలో పెట్టేశాను.

“ఇప్పుడు మారిస్తే స్కూలు మూయిస్తారు. నలుగురి అన్నం,” అన్నారు నా మొహం చూడకుండా. “వాడికి మహా అయితే ఒక ఏడాది పోతుంది. చిన్నవాడు. సర్దుకుంటాడు.”

“ఏడాది వాడిది కాబట్టి సర్దుకుంటాడు. స్కూలు మీది కాబట్టి సర్దుకోకూడదు. అంతేగా?”

“అలా వంకరగా మాట్లాడకు.”

“తిన్నగానే మాట్లాడుతున్నాను. షాపావిడ కాలు విరిగింది, ఆ అబ్బాయి నోరు మూతపడింది. మీకు పోయేది గేటు మీద బోర్డు. ఆ కాగితంలో అక్షరాలు నావి. అవి అక్కడికి పోవు.”

“నాకూ రాయడం వచ్చు. మళ్ళీ రాసుకుంటాను,” అన్నారు.

అప్పుడు అత్తగారు జోడు పెట్టుకుని కొడుకు వైపు తిరిగారు. “ఒరేయ్, మీ నాన్న నీకు సైకిలు నేర్పడం గుర్తుందా? వెనక పట్టుకున్నాను పట్టుకున్నాను అంటూనే వదిలేశాడు. మోకాళ్ళు రెండూ దోక్కుపోయాయి. ఇంటికొచ్చాక ఆ మనిషితో నేనెంత పోట్లాడానో. కానీ నీకు సైకిలొచ్చింది. నువ్వేమో వదిలేశాను వదిలేశాను అంటూ పట్టుకుని కూర్చున్నావు. ఊళ్ళో పిల్లలందరికీ కాగితమొచ్చింది, బండి రాలేదు.”

“అమ్మా, నీకు తెలియదు.”

“నాకేం తెలుసులే. కళ్ళజోడు తుడుచుకోవడం ఒక్కటే తెలుసు. అదీ గుడ్డ ఉంటే.”

మామూలుగా అయితే పిట్ట దానికి పొట్టచెక్కలయ్యేలా నవ్వేది. కంచంలో మెతుకు ముట్టుకోకుండా కూర్చుంది. పొద్దున్న నుంచి దాని కుడిపాదాన్ని అదే చూసుకుంటోంది, ఎవరిదో అన్నట్టు.

“సోమవారం విచారణకి నేనూ వస్తాను,” అంది.

“నీకేం పని అక్కడ?”

“ఆఫీసు మైదానంలో, వాళ్ళందరి ముందు కారు నడుపుతాను. మనదే, మన కారే. వాడు చెప్పింది అబద్ధమో కాదో చూస్తారు కదా.”

“పిచ్చిగా మాట్లాడకు. నువ్వు పాసయ్యావు.”

“వాడూ పాసయ్యాడు నాన్నా.”

ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే పెట్టేశారు. “నువ్వు ఆపలేవు పిట్టా,” అన్నారు. ఆ రోజంతటిలో ఆయన నోట వెంట తడబాటు లేకుండా వచ్చిన మాట అదొక్కటే.

“నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలి.”

“లైసెన్సు లాక్కుంటారే,” అన్నారు అత్తగారు మెల్లగా.

“లాక్కోనీ నానమ్మా. రానిదానికి కాగితం పెట్టుకుని ఏం చేసుకోను?”

నాకు గర్వపడాలో భయపడాలో తెలియలేదు. గోడకీ మాకూ మధ్య ఉన్న ఆ మూరెడు జాగాయే కళ్ళ ముందు ఆడుతోంది. “ఒక్కదాన్నే ఎక్కనివ్వను,” అన్నాను. “పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి.”

“నాన్న కూర్చుంటాడు,” అంది పిట్ట. తండ్రి కళ్ళలోకి తిన్నగా చూసింది. “స్విచ్చి మోగేవైపే పెట్టి కూర్చో నాన్నా. అక్కడి గోడ దగ్గరికి వచ్చాక నువ్వు తొక్కుతావో మానతావో, అది నీ ఇష్టం.”